ఊడదీయాలి, లోడూ మోయాలి: విమాన దేహంలో స్ట్రక్చరల్ యాక్సెస్ ప్యానెల్ డిజైన్ చేయడం ఎలా?

విమానం పొట్ట కింద నిలబడి పైకి చూస్తే చిన్నా పెద్దా ప్యానెళ్లు చాలా కనిపిస్తాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ వాటిలో రెండు జాతులున్నాయి. ఒక రకం ఉత్త మూతలు. గాలి, నీళ్లు లోపలికి రాకుండా ఆపితే వాటి పని అయిపోయినట్టే. పావు చుట్టు తిరిగే నాలుగు క్వార్టర్-టర్న్ ఫాస్టెనర్లు తిప్పితే ఊడి చేతికొస్తాయి. రెండో రకం స్కిన్‌లో, అంటే విమానం బయటి తొడుగులో, భాగం. ఎగిరేటప్పుడు ఆ చోట స్కిన్ మోయాల్సిన లోడ్‌ని ఇవే మోస్తాయి. అంచు చుట్టూ దగ్గరదగ్గరగా స్క్రూలు కనిపిస్తే అది రెండో రకమని చాలావరకు పోల్చుకోవచ్చు.

ఈ రెండో రకం గురించే ఈ వ్యాసం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు పలక మందం ఎంత, మెటీరియల్ ఏది అని మొదలుపెడతారు. నా లెక్కలో అది చివర్లో తేలే సంగతి. స్ట్రక్చరల్ ప్యానెల్ అంటే నిజానికి ఒక జాయింట్. అంచు, బెజ్జం, స్క్రూ, నట్ సరిగ్గా కుదిరితే మధ్యలో పలక దానంతటదే కుదురుతుంది. పైగా ఇది రివెట్ కొట్టి మర్చిపోయే జాయింట్ కాదు, విమానం బతికినన్నాళ్లూ ఎవరో ఒకరు ఊడదీసి మళ్లీ బిగించే జాయింట్.

మొదటి అడుగు: అసలు ఇది లోడ్ మోయాలా?

ఆ ప్యానెల్ ఎంత తరచుగా తెరుస్తారో ముందు కనుక్కోండి. రోజూ చూడాల్సిన ఆయిల్ లెవెల్ కోసమో, వారానికోసారి మార్చే ఫిల్టర్ కోసమో అయితే దాన్ని స్ట్రక్చరల్ చేయకండి. చుట్టూ అంచును బలంగా కట్టి, లోడ్ మొత్తం ఆ అంచు మీదుగా తిరిగి వెళ్లేలా చేసి, మధ్యలో ఉత్త తలుపు పెట్టండి. కొంత బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి. రోజూ యాభై స్క్రూలు విప్పమంటే ఎంత శ్రద్ధ ఉన్నవాడైనా ఏదో ఒక రోజు నలభై తొమ్మిదే బిగిస్తాడు.

పెద్ద తనిఖీలప్పుడు మాత్రమే తెరిచేదీ, తెరుచుకునే చోటు పెద్దదిగా ఉండి చుట్టూ కట్టే అంచు బరువు భరించలేనంత అయ్యేదీ స్ట్రక్చరల్ ప్యానెల్‌కి తగినవి. ఈ రెండింటి మధ్య పడే కేసుల్లో ఇంకో దారి కూడా చూడండి: లోపలి నుంచి చేరుకోవచ్చా? ఆ పరికరాన్నే అర మీటరు జరపొచ్చా? డిజైన్ మొదట్లో పరికరం జరపడం ఒక మెయిల్‌తో అయిపోతుంది. చివర్లో అదే పెద్ద యుద్ధం.

రెండో అడుగు: ఏ లోడ్‌లు, ఎంతెంత?

విమాన దేహం పల్చటి గోడల గొట్టం. స్కిన్, దాని లోపల పొడవునా స్ట్రింగర్లు అనే సన్నటి కడ్డీలు, అడ్డంగా ఫ్రేములు అనే వలయాలు. ఒక చోట స్కిన్ కోసేశారంటే మూడు లోడ్‌ల దారి తెగుతుంది: దేహం మెలిపడటం, వంగడం వల్ల వచ్చే షియర్ (ఎదురెదురు అంచుల్ని చెరో వైపు జరిపే బలం), క్యాబిన్ ప్రెషర్ వల్ల చుట్టుకొలత వెంట వచ్చే హూప్ టెన్షన్ (లాగుడు), పొడవునా వచ్చే టెన్షన్ లేదా కంప్రెషన్ (నొక్కుడు).

షియర్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. కాగితాన్ని గొట్టంలా చుట్టి అంటించి మెలిపెట్టి చూడండి, గట్టిగా నిలుస్తుంది. పొడవునా ఒక చీలిక పెట్టి మళ్లీ మెలిపెడితే చేతిలో వాలిపోతుంది. మూసిన గొట్టానికీ పూర్తిగా చీల్చిన గొట్టానికీ మెలిక గట్టితనంలో తేడా వ్యాసార్థాన్ని మందంతో భాగించి, వర్గం చేసి, మూడుతో గుణించినంత. వ్యాసార్థం 1500 మి.మీ., మందం 1.5 మి.మీ. అయితే అది 30 లక్షల రెట్లు! రెండు ఫ్రేముల మధ్య చిన్న కటౌట్‌కి ఇంత నష్టం రాదు, చుట్టూ ఉన్న నిర్మాణం చాలావరకు కాపాడుతుంది. కానీ ఆ కాపాడే భారం ఫ్రేముల మీద, అంచు మెంబర్ల మీద వంపుగా పడుతుంది. ప్యానెల్ షియర్ మోస్తే ఆ భారం తగ్గుతుంది. స్ట్రక్చరల్ ప్యానెల్ పెట్టడంలో అసలు లాభం ఇదే.

పొడవునా వచ్చే లోడ్‌ని మాత్రం వీలైతే ప్యానెల్ మీద పెట్టకండి. కటౌట్‌ని స్ట్రింగర్ల మధ్యనే సర్దండి. ఒక స్ట్రింగర్ తెగక తప్పకపోతే దాని లోడ్‌ని పక్క స్ట్రింగర్లకు చేర్చేలా అంచు మెంబర్లను కటౌట్‌కి అటూ ఇటూ కనీసం ఒక ఫ్రేము దాకా పొడిగించండి.

ఇక ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా పోదాం. వ్యాసార్థం 1.5 మీటర్లు. క్యాబిన్‌కీ బయటికీ ప్రెషర్ తేడా, రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మితిమీరితే గాలి వదిలేది) సెట్టింగ్ దగ్గర, 55 కిలోపాస్కల్. స్క్రూల వరుస దీర్ఘచతురస్రం: పొడవునా 400 మి.మీ., చుట్టుకొలత వెంట 300 మి.మీ. ఆ చోట లిమిట్ (సర్వీసులో వచ్చే గరిష్ఠ లోడ్) దగ్గర షియర్ ఫ్లో, అంటే అంచు పొడవులో ప్రతి మిల్లీమీటరు మోసే షియర్, 40 న్యూటన్లు అనుకుందాం.

హూప్ లోడ్ అంటే ప్రెషర్‌ని వ్యాసార్థంతో గుణించడమే: 0.055 × 1500 = 82.5 న్యూటన్లు, ప్రతి మిల్లీమీటరుకి. హూప్‌ని, షియర్‌ని లిమిట్ దగ్గర కలిపితే వర్గాల మొత్తానికి వర్గమూలం సుమారు 92. దీన్ని 1.5 సేఫ్టీ ఫ్యాక్టర్‌తో గుణిస్తే అల్టిమేట్, అంటే విరగకుండా తట్టుకోవాల్సిన లోడ్, 138. ఇక్కడే ఆగిపోతే తప్పు. రవాణా విమానాల నిబంధనల్లో, అంటే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ పార్ట్ 25లోనూ యూరప్ సీఎస్-25లోనూ, 25.365 సెక్షన్ కింద ప్రెషర్ ఒక్కటే ఉన్న కేసు విడిగా ఉంది. 45 వేల అడుగుల దాకా ఎగిరే విమానానికి రిలీఫ్ వాల్వ్ ప్రెషర్‌ని 1.33తో గుణించాలి. దాని మీద మళ్లీ 1.5. మొత్తం దాదాపు 2 రెట్లు. అంటే మిల్లీమీటరుకి 165 న్యూటన్లు. మన ప్యానెల్ పొడుగు అంచుల్ని సైజు చేసేది ఈ కేసే.

మూడో అడుగు: కటౌట్ ఆకారం

1954 జనవరి 10న బ్రిటన్ తయారుచేసిన తొలితరం జెట్ ప్రయాణికుల విమానం కామెట్ ఒకటి ఎల్బా దీవి దగ్గర గాల్లోనే ముక్కలైంది. ఏప్రిల్ 8న ఇంకొకటి నేపుల్స్ దగ్గర సముద్రంలో పడింది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఇంకో కామెట్ దేహాన్ని నీళ్ల ట్యాంకులో పెట్టి మళ్లీ మళ్లీ ప్రెషర్ ఎక్కించి దించి చూశారు. కటౌట్ మూల దగ్గర మొదలైన ఫటీగ్ పగులుతో (లోడ్ పదేపదే పడి లోహం అలసి పట్టే పగులు) అదీ చిరిగింది. ఎల్బా దగ్గర పడిన విమానంలో పగులు పైకప్పు మీద యాంటెన్నా కోసం కోసిన కిటికీ మూలలో, ఒక ఫాస్టెనర్ బెజ్జం దగ్గర మొదలైంది. కిటికీలు చతురస్రంగా ఉండటమే కారణమని చాలామంది చెబుతుంటారు. మనం గమనించాల్సింది దాని పక్కనున్న ఇంకో సంగతి: మూల దగ్గర అప్పటికే ఎక్కువగా ఉన్న స్ట్రెస్ చోటులోనే బెజ్జం కూడా పెట్టారు. రెండు స్ట్రెస్ పెంపులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

ఒకే దిశలో లాగితే గుండ్రటి బెజ్జం అంచున స్ట్రెస్ మూడు రెట్లు అవుతుంది. ప్రెషర్ ఎక్కిన సిలిండర్‌లో హూప్ స్ట్రెస్ పొడవు దిశ స్ట్రెస్‌కి రెట్టింపు ఉంటుంది కాబట్టి అది 2.5 రెట్లు. ఉత్త షియర్‌లో అయితే నాలుగు రెట్లు! అదే కటౌట్‌ని దీర్ఘవృత్తంగా చేసి, పొడుగు అక్షాన్ని చుట్టుకొలత వెంట పెట్టి, 2:1 నిష్పత్తిలో ఉంచితే ప్రెషర్ కేసులో అంచంతా ఒకే స్ట్రెస్, హూప్‌కి 1.5 రెట్లు మాత్రమే. ప్యానెల్ నిజంగా లోడ్ మోస్తే ఈ అంకెలన్నీ తగ్గుతాయి. కానీ ఎంత తగ్గుతాయో తర్వాతి అడుగులో చూస్తారు. అందుకే నేను మూలల్ని ప్యానెల్ అసలు లేనట్టే డిజైన్ చేస్తాను. మూల వ్యాసార్థం స్థలం ఇచ్చినంత పెద్దది పెట్టండి. చుట్టూ డబ్లర్ (బలం కోసం స్కిన్‌కి అదనంగా అతికే పలక) వేయండి, డబ్లర్ అంచును ఒక్కసారిగా ఆపకుండా మెట్లుగా పల్చన చేయండి. మూల వంపు సరిగ్గా నడిమధ్యలో స్క్రూ పెట్టకండి. వంపుకి అటొకటి, ఇటొకటి పెట్టండి.

నాలుగో అడుగు: బెజ్జం ఫిట్

చాలా ప్యానెళ్లు కాగితం మీద లోడ్ మోస్తాయి, విమానం మీద మోయవు. కారణం బెజ్జంలో ఉన్న ఖాళీ. లెక్క చూడండి.

మన ప్యానెల్ మధ్య భాగం 1.6 మి.మీ. మందం, 2024-టీ3 అల్యూమినియం అనుకుందాం. లిమిట్ షియర్ 40 న్యూటన్లను 1.6తో భాగిస్తే 25 మెగాపాస్కల్. షియర్ మాడ్యులస్ (షియర్‌కి ఆ లోహం చూపే గట్టితనం) సుమారు 28 వేల మెగాపాస్కల్. అంటే ప్యానెల్ పూర్తి లోడ్ మోసేటప్పుడు ఒక పొడుగు అంచు ఎదుటి అంచుతో పోలిస్తే జరిగేది 300 మి.మీ.లో 0.27 మి.మీ. మాత్రమే.

ఇప్పుడు స్క్రూ చూడండి. నంబర్ 10 సైజు, వ్యాసం 4.83 మి.మీ. సులువుగా దూరాలని 5.1 మి.మీ. బెజ్జం వేశారు. కౌంటర్‌సింక్ తల, అంటే పలక ఉపరితలంతో సమంగా దిగే శంకు తల, తన గుంటలో కూర్చుని ప్యానెల్ వైపు కొంత పట్టు ఇస్తుంది. కింది వైపు, అంటే ప్యానెల్ ఆనుకునే లాండ్ వైపు, అలా పట్టేది ఏదీ లేదు. ఫ్లోటింగ్ నట్ కదలడానికే పుట్టింది. అక్కడ స్క్రూ మధ్య నుంచి 0.135 మి.మీ. దాకా ఊరికే జరగగలదు. రెండు అంచులకీ కలిపి 0.27. లోడ్ మోయడానికి ప్యానెల్‌కి కావాల్సిన కదలిక 0.27, బెజ్జాల్లో ఉన్న ఖాళీ కూడా 0.27! అంటే లిమిట్ లోడ్‌కి తగ్గ కదలిక వచ్చేదాకా ప్యానెల్ ఊరికే కూర్చుని చూస్తుంది. ఈలోగా చుట్టూ ఉన్న ఫ్రేములు ఆ లోడ్ అంతా మోసి, మీరు లెక్కేసినదానికన్నా ఎక్కువ వంగుతాయి. బిగింపు వల్ల వచ్చే రాపిడి కొంత సాయం చేస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. సీలెంట్ పూసిన అంచులో, ఇరవై సార్లు విప్పి బిగించాక ఆ రాపిడి ఎంత మిగులుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇదే సంగతి ఇంకో వైపు నుంచి: ఫాస్టెనర్ ఎంత సాగుతుందో చెప్పే స్విఫ్ట్ సూత్రంలో మన కొలతలు వేస్తే, రెండు వైపులా 3.2 మి.మీ. అంచుకి, న్యూటన్‌కి సుమారు 0.000012 మి.మీ. వస్తుంది. ఒక స్క్రూ మీద వెయ్యి న్యూటన్లకి 0.012 మి.మీ. కంప్యూటర్‌లో కట్టే ఫినైట్ ఎలిమెంట్ మోడల్లో స్ప్రింగ్ గట్టితనం గురించి వారం రోజులు వాదించుకుంటారు గానీ దానికి పదకొండింతలున్న బెజ్జం ఖాళీని ఎవరూ పట్టించుకోరు. ఇది చాలా చోట్ల చూశాను.

కాబట్టి లోడ్ మోయాలంటే బెజ్జం దగ్గరగా పట్టాలి. స్క్రూకీ బెజ్జానికీ మధ్య వ్యాసంలో తేడా కొన్ని వందో వంతుల మిల్లీమీటరుకి దించండి. బెజ్జాలు డ్రిల్‌తో ఆపకుండా రీమర్‌తో (బెజ్జాన్ని కచ్చితమైన సైజుకి నున్నగా చేసే పనిముట్టు) పూర్తి చేయండి. లాండ్ వైపు అరుగుదల ఎక్కువ ఉంటుందనుకుంటే గట్టి స్టీల్ బుష్‌లు (బెజ్జంలో కూర్చునే చిన్న గొట్టాలు) నొక్కి పెట్టండి, అరిగాక బుష్ మారిస్తే సరిపోతుంది. స్క్రూ మర బెజ్జంలో ఆనకూడదు. నున్నటి షాంక్ (మర లేని కాడ) ఉన్న బోల్ట్ తీసుకుని, గ్రిప్ పొడవు, అంటే ఆ నున్నటి భాగం పొడవు, లాండ్ మందం దాటేలా ఎంచుకోండి. తల దాకా మర ఉన్న స్క్రూ ఉత్త మూతలకే.

దగ్గర ఫిట్ అనగానే ఇంకో ప్రశ్న వస్తుంది: స్పేర్ ప్యానెల్ ఎలా? ఇక్కడ రెండు దారులు. మొదటిది, ఏ ప్యానెల్ అయినా ఏ విమానానికైనా సరిపోయే ఇంటర్‌చేంజబుల్ పద్ధతి. దానికి ప్యానెల్‌నీ లాండ్‌నీ ఒకే మాస్టర్ టూల్ నుంచి డ్రిల్ చేయాలి, ఆ టూల్‌ని ఏళ్ల తరబడి కాపాడాలి. రెండోది, స్పేర్‌ని చిన్న పైలట్ బెజ్జాలతో పంపి విమానం మీదే చివరి సైజుకి రీమ్ చేయడం. పది విమానాలు చేసేవాళ్లకి రెండోదే మేలు. వందలు చేసేవాళ్లు మాస్టర్ టూల్‌కి డబ్బు పెట్టక తప్పదు. ఈ నిర్ణయం డ్రాయింగ్ మీద స్పష్టంగా రాయండి. రాయకపోతే షాప్‌లో ఎవరో ఒకరు బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి స్క్రూ దూర్చేస్తారు, మీ లెక్కంతా అక్కడితో సరి.

కొన్ని స్క్రూలు మాత్రమే దగ్గర ఫిట్ పెట్టి మిగతావి వదులుగా ఉంచే తెలివి కూడా చూశాను. మూలల్లో నాలుగు టైట్ బోల్ట్‌లు, మిగతావి సులువు. ఆ నాలుగే మొత్తం లోడ్ లాగుతాయి, ఆ నాలుగు బెజ్జాలే ముందు పగులుతాయి. అదీ మూలల్లో! వద్దు.

ఐదో అడుగు: అంచు మందం, స్క్రూల దూరం

పొడుగు అంచున అల్టిమేట్ లోడ్ 165 అనుకున్నాం. స్క్రూకీ స్క్రూకీ దూరం 25 మి.మీ. పెడితే ఒక్కోదాని మీద 4,125 న్యూటన్లు. జాయింట్లకి అదనంగా వేసే ఫిటింగ్ ఫ్యాక్టర్ 1.15 కూడా వేస్తే సుమారు 4,750. 25 మి.మీ. అంటే వ్యాసానికి అయిదు రెట్లు, మామూలుగా వాడే 4 నుంచి 6 రెట్ల మధ్యలోనే ఉంది. చుట్టూ 1,400 మి.మీ.కి 56 స్క్రూలు వస్తాయి. స్టీల్ షాంక్ షియర్ బలం 655 మెగాపాస్కల్ అయితే ఒక్క నంబర్ 10 స్క్రూ దాదాపు 12 వేల న్యూటన్లు తట్టుకుంటుంది. స్క్రూ తెగదు. అలాగని దూరం పెంచకండి. దూరం పెరిగితే ప్రెషర్‌కి స్క్రూల మధ్య అంచు పైకి లేచి సీల్ కారుతుంది.

తెగేది పలక. 100 డిగ్రీల కౌంటర్‌సింక్ తల వ్యాసం దాదాపు 9.8 మి.మీ. దాని లోతు లెక్కేస్తే 2.1 మి.మీ. వస్తుంది. మన పలకే 1.6 మి.మీ.! గుంట పలకను దాటి కిందికి పోతుంది, బెజ్జం అంచు కత్తిలా మిగులుతుంది. ఫటీగ్ పగులుకి ఇంతకన్నా మంచి మొదలు దొరకదు. కౌంటర్‌సింక్ లోతు పలక మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదన్న నియమం పెట్టుకుంటే అంచు కనీసం 3.2 మి.మీ. ఉండాలి. కాబట్టి ప్యానెల్‌ని మందమైన ప్లేట్ నుంచి మిల్లింగ్ చేయండి: అంచు 3.2, మధ్యలో 1.6, రెండింటి మధ్య మంచి ఫిలెట్ (లోపలి మూల గుండ్రం) వ్యాసార్థం. లేదా తల చిన్నగా ఉండే షియర్-హెడ్ ఫాస్టెనర్ తీసుకోండి. మాటిమాటికీ విప్పే చోట నేను చిన్న తల వైపు మొగ్గు చూపను. స్క్రూడ్రైవర్ పట్టుకునే గాడి కూడా లోతు తగ్గి త్వరగా పాడవుతుంది.

బేరింగ్ లెక్క, అంటే స్క్రూ బెజ్జం గోడను నొక్కే స్ట్రెస్ లెక్క, కూడా చూద్దాం. కౌంటర్‌సింక్ లోతులో సగాన్నే లెక్కలోకి తీసుకుంటే 3.2లో పనికొచ్చేది 2.15 మి.మీ. 4,750 ని 4.83 × 2.15తో భాగిస్తే దాదాపు 460 మెగాపాస్కల్. 2024-టీ3కి హాయిగా సరిపోతుంది. కొన్ని స్క్రూలు తమ వంతు కన్నా ఎక్కువ మోసినా మార్జిన్ ఉంది. ఆ మార్జిన్‌ని తర్వాత బరువు తగ్గించే మీటింగులో ఎవరికీ ఇవ్వకండి.

స్క్రూ మధ్య నుంచి అంచు దాకా దూరం కౌంటర్‌సింక్‌కి వ్యాసానికి 2.5 రెట్లు, అంటే 12 మి.మీ. అరిగాక ఒక సైజు పెద్ద స్క్రూ వేయాల్సి రావచ్చు కాబట్టి ఇంకో మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఇప్పుడే కలపండి. రిపేర్ చేసేవాళ్లు దీనికి మీకు రుణపడి ఉంటారు.

ఆరో అడుగు: నట్‌ప్లేట్లు

లోపలి వైపు చెయ్యి దూరదు కాబట్టి నట్ లాండ్‌కే అతుక్కుని ఉండాలి. ఫ్లోటింగ్ నట్‌ప్లేట్ (నట్‌ని కొంచెం కదిలేలా పట్టి ఉంచే చిన్న పలక) వాడండి. ఫిక్స్‌డ్ రకంతో 56 స్క్రూలూ ఒకేసారి కలవవు. ప్రతి నట్‌ప్లేట్‌కీ రెండు చిన్న రివెట్లు ఉంటాయి, అంటే లాండ్‌లో ఇంకో 112 బెజ్జాలు. వాటిని లోడ్ ఎక్కువగా పోయే గీతలో పడనివ్వకండి. వీలైతే రివెట్లు లేని రకం, లేదా నట్ మూలకాన్ని మాత్రం మార్చుకోగల రకం తీసుకోండి. వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాటే చోట నైలాన్ లాక్ పనికిరాదు, పూర్తిగా లోహంతో చేసిన లాకింగ్ నట్ కావాలి. లాకింగ్ పట్టు ప్రతిసారీ కొంచెం తగ్గుతుంది. స్క్రూ వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోతే ఆ నట్ అయిపోయిందని మాన్యువల్‌లో రాయండి.

తల మీద గాడి సంగతి కూడా ఇక్కడే. పెయింట్ నిండిన గాడిలో బిట్ జారి గుండ్రంగా అరిగిపోయిన ఒకే ఒక్క స్క్రూ కోసం ఒక మెకానిక్ రెండు గంటలు కూర్చుని తల డ్రిల్ చేసి తీయడం చూశాను. చివర్లో డ్రిల్ పక్కకి జారి కౌంటర్‌సింక్‌ని గీరేసింది. 56లో ఒకటి. ఆ ప్యానెల్ డ్రాయింగ్ మీద నా సంతకమే ఉంది, తల మీద గాడిని నేను కేటలాగ్‌లో మొదట కనిపించినదని ఎంచుకున్నాను. అప్పటి నుంచి టార్క్-సెట్ లాంటి, బిట్ తన్నుకుని బయటికి రాని గాడి తప్ప ఇంకోటి పెట్టలేదు.

ఏడో అడుగు: ఇప్పుడు పలక

1.6 మి.మీ. పలక 300 × 400 వైశాల్యంలో షియర్‌కి ఎప్పుడు ముడతలు పడుతుంది? వంపు వల్ల వచ్చే లాభం వదిలేసి, అంచులు సాదాగా ఆనినట్టు లెక్కేస్తే సుమారు 14 మెగాపాస్కల్ దగ్గర. మన లిమిట్ 25. అంటే క్యాబిన్‌లో ప్రెషర్ లేని సమయంలో ఇది లిమిట్‌కి ముందే ముడతలు పడుతుంది, గట్టితనం తగ్గి లోడ్ మళ్లీ ఫ్రేముల మీదికి పోతుంది. మధ్యలో పొడవునా ఒక్క స్టిఫెనర్ (గట్టితనం ఇచ్చే పట్టె) పెడితే పలక 150 మి.మీ. వెడల్పున్న రెండు భాగాలవుతుంది, ముడత పడే స్ట్రెస్ దాదాపు 44కి చేరుతుంది. అల్టిమేట్ షియర్ 37.5 కన్నా ఇది ఎక్కువ. అదే స్టిఫెనర్‌ని అడ్డంగా పెడితే 30 దగ్గరే ఆగుతుంది. ఒక్క స్టిఫెనరే, దిశ మారితే ఇంత తేడా. ఎలాగూ మిల్లింగ్ చేస్తున్నారు కాబట్టి స్టిఫెనర్‌ని పలకలోనే చెక్కించండి.

ప్యానెల్‌ని స్కిన్ వంపుకి సరిగ్గా చేయండి. వంపు ఉంటేనే ప్రెషర్‌ని హూప్ టెన్షన్‌గా మోస్తుంది. చదును పలక అయితే అదే ప్రెషర్‌కి బొద్దుగా ఉబ్బి, స్క్రూలను తల వైపు లాగుతుంది.

బరువు తగ్గుతుందని అల్యూమినియం దేహంలో కార్బన్ ఫైబర్ ప్యానెల్ పెడదామనే ఆలోచన తప్పకుండా వస్తుంది. రెండు లెక్కలు వేసుకోండి. 20 డిగ్రీల నుంచి మైనస్ 50 దాకా చల్లబడితే అల్యూమినియం లాండ్ 400 మి.మీ. పొడవులో దాదాపు 0.6 మి.మీ. ముడుచుకుంటుంది, కార్బన్ దాదాపు కదలదు. మధ్య నుంచి చూస్తే ఒక్కో చివర 0.3 మి.మీ. కష్టపడి దగ్గర ఫిట్ చేసిన బెజ్జాల్లో అది నేరుగా బేరింగ్ లోడ్‌గా మారుతుంది. రెండోది తుప్పు: కార్బన్, అల్యూమినియం తేమలో ఆనుకుంటే అల్యూమినియం తినేసుకుంటుంది. మధ్యలో గ్లాస్ పొర, టైటానియం ఫాస్టెనర్లు తప్పనిసరి. చిన్న ప్యానెల్‌కి ఈ తలనొప్పి గిట్టుబాటు కాదని నా అభిప్రాయం.

ఎనిమిదో అడుగు: సీల్, కరెంటు, నీళ్లు

అంచుకి తక్కువగా అంటుకునే రకం సీలెంట్ వాడండి. మామూలు సీలెంట్ పూస్తే ప్యానెల్‌ని గరిటెతో పెకలించాల్సి వస్తుంది, లాండ్ మీద గీతలు మిగులుతాయి. సీల్ వరుస స్క్రూల వరుసకి లోపలి వైపు, అంటే ప్రెషర్ ఉన్న వైపు ఉంటే బెజ్జాల గుండా గాలి కారదు. సీలెంట్ మందం లోడ్ మార్గంలోకి దూరకుండా లోహం లోహాన్ని ఆనే చోటు కొంత ఉంచండి. పిడుగుపాటు కరెంటు పోవడానికి కూడా అదే దారి, అక్కడ పెయింట్ వద్దు, వాహక పూత చాలు. పొట్ట కింద ప్యానెల్ అయితే లోపల నీళ్లు నిలవకుండా దారి చూడండి.

తొమ్మిదో అడుగు: తప్పు బిగించడం కష్టంగా ఉండాలి

1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం పైకెక్కుతుండగా కాక్‌పిట్ ముందు అద్దం ఊడి పోయింది. కెప్టెన్ సగం బయటికి లాగేయబడి కూడా ప్రాణాలతో బయటపడ్డాడు. అద్దాన్ని అంతకుముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 కావాల్సినదానికన్నా వ్యాసంలో 0.66 మి.మీ. చిన్నవి, మిగతా 6 పొడవులో 2.5 మి.మీ. పొట్టివి. పాత బోల్ట్ పక్కన పెట్టి కంటితో పోల్చి తెచ్చారు. ఆ అద్దం బయటి నుంచి బిగించేది, ప్రెషర్ దాన్ని బయటికే నెడుతుంది. మన ప్యానెల్ కూడా సరిగ్గా అలాంటిదే.

అందుకే చుట్టూ ఒకే వ్యాసం, ఒకే పొడవు ఫాస్టెనర్లు వచ్చేలా అంచు మందాన్ని సమం చేయండి. డబ్లర్ ఉన్న చోట రెండు పొడవులు తప్పకపోతే తేడా కంటికి కొట్టొచ్చినట్టు ఉండాలి. ఒక సైజు చిన్న మర నట్‌లో పట్టినట్టే అనిపించే కాంబినేషన్లు విమానంలో ఆ పక్కన ఎక్కడా లేకుండా చూడండి. ప్యానెల్ తలకిందులుగా కూర్చునే అవకాశం ఉంటే ఒక స్క్రూ స్థానాన్ని కొంచెం జరపండి, ఒక్క విధంగానే పడుతుంది. ఒక్క బోల్ట్ పోతే విమానం క్షేమం దెబ్బతినే చోట 25.607 రెండు వేర్వేరు లాకింగ్ పద్ధతులు అడుగుతుంది. ఆ పరిస్థితే రాకుండా, ఏ ఒక్క స్క్రూ లేకపోయినా పక్కవి మోసేలా డిజైన్ చేయడం మేలు.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282 విమానంలో తలుపు స్థానాన్ని మూసే డోర్ ప్లగ్ గాల్లో ఊడిపోయింది. అది పైకి జరగకుండా ఆపాల్సిన నాలుగు బోల్టులూ అప్పటికే లేవని అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బిగించాక లోపలి లైనింగ్ కప్పేస్తే లేని బోల్ట్ ఎవరికీ కనబడదు. బయటి నుంచి బిగించే ప్యానెల్‌కి ఈ విషయంలో ఒక లాభం ఉంది: ఖాళీ బెజ్జం నడిచి వెళ్లేవాడికి కూడా కనిపిస్తుంది. స్క్రూ తలలని పుట్టీతో, పెయింట్‌తో కప్పి ఆ లాభాన్ని పోగొట్టుకోకండి.

పదో అడుగు: టెస్ట్, మాన్యువల్

విశ్లేషణని రెండు మోడళ్లతో చేయండి: ప్యానెల్ పూర్తిగా పనిచేస్తూ ఒకటి, ప్యానెల్ షియర్ అసలు మోయకుండా ఒకటి. మొదటిది ప్యానెల్‌కి, స్క్రూలకి కఠినం. రెండోది ఫ్రేములకి, మూలలకి కఠినం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, కాబట్టి ప్రతి భాగం తనకి కఠినమైన కేసుకి నిలవాలి.

టెస్ట్‌లో ప్యానెల్ మధ్య, లాండ్ మీద, పక్క ఫ్రేము మీద స్ట్రెయిన్ గేజ్‌లు (లోహం ఎంత సాగిందో కొలిచేవి) అతికించండి. లోడ్ ఎక్కించేటప్పుడు ప్యానెల్ గేజ్ మొదట్లో కదలకుండా ఉండి తర్వాత లేస్తే, ఆ మొదటి భాగమే మీ బెజ్జం ఖాళీ. తర్వాత ప్యానెల్‌ని విమానం జీవితంలో అనుకున్నన్ని సార్లు విప్పి బిగించి అదే టెస్ట్ మళ్లీ చేయండి. ఒక స్క్రూ తీసేసి ఇంకోసారి. ఫటీగ్ టెస్ట్ దేహం మీద కొత్త ప్యానెల్ కాకుండా ఈ అరిగిన ప్యానెల్‌నే పెట్టమని నేను పట్టుబడతాను.

మాన్యువల్‌లో ఐదు సంగతులు తప్పకుండా ఉండాలి. ప్యానెల్ విప్పే ముందు విమానం ఏ స్థితిలో ఉండాలి: ఎక్కడ ఆనించాలి, ఇంధనం ఎంత. విప్పాక విమానాన్ని లాగకూడదు, జాక్ ఎక్కించకూడదు, ప్రెషర్ పెట్టకూడదు. బిగించేటప్పుడు అన్ని స్క్రూలూ ముందు చేత్తో రెండు మూడు చుట్లు పట్టించి, తర్వాత ఎదురెదురుగా టార్క్ చేయాలి. బెజ్జం ఎంత దాకా అరిగితే ఫర్వాలేదు, ఆ పైన ఏ సైజు పెద్ద స్క్రూకి వెళ్లాలి. బెజ్జాలు కలవకపోతే స్క్రూడ్రైవర్‌తో తన్ని కలపకూడదు, దేహం వంగి ఉందని అర్థం, ఆనింపులు మళ్లీ సర్దాలి. ఈ ఆఖరి వాక్యాన్ని ప్యానెల్ లోపలి ముఖం మీద కూడా స్టెన్సిల్ చేయించండి. మాన్యువల్ హ్యాంగర్ ఆఫీసులో ఉంటుంది, స్క్రూడ్రైవర్ విమానం కింద ఉంటుంది.